గాలిపంపు ఆగిన మధ్యాహ్నం

మా ఇంట్లో చేపలకు పేర్లు పెట్టింది నేనే. మావాడు వాటిని కొనుక్కొచ్చిన రోజున నోరు తిరగని పేర్లేవో చెప్పాడు. అవి నా నాలుక మీద నిలవలేదు. అందుకని ఎవరి వాలకాన్ని బట్టి వాళ్లకు నేనే పేరు పెట్టుకున్నాను. పొడుగాటి తోకను వెనక ఈడ్చుకుంటూ తిరిగే తెల్లది పెళ్లికూతురు. అద్దం ఈ చివరి నుంచి ఆ చివరికి గస్తీ తిరుగుతూ మిగతావాటిని తరిమే నల్లచారల చేప పోలీసు. ఎర్రవి రెండూ తోడికోడళ్లు, ఒకదానికి మేత పడితే రెండోది మూతి ముడుచుకునేది. ఇక అడుగున రాయి పక్కన పొట్ట ఆనించి, ఎవరొచ్చినా ఎవరు పోయినా కదలని గోధుమరంగుది సన్యాసి. అది పైకి రావడం నేను ఎన్నడూ చూడలేదు. మేత కూడా దాని ముందుకే రాలిపడాలి.

మావాడు లిఫ్టులు బాగుచేస్తాడు. రోజంతా గ్రీజు పూసుకుని చీకటి గుంతల్లో ఉండే మనిషి, ఇంటికొచ్చి చేతులు కడుక్కుని కాసేపు ఆ తొట్టి ముందు కూర్చుంటే గానీ మాటల్లో పడడు. పెళ్లాం ముఖం తర్వాత, ముందు పెళ్లికూతురి ముఖం అని నేను ఎగతాళి చేసేదాన్ని. కోడలు నవ్వి ఊరుకునేది. ఆమె ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే పని చేస్తుంది. పాప పుట్టాక సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది.

మేం ఉండేది మేడ మీద. కింద గింజల గోదాము. అంతకుముందు ఆ కట్టడంలో బట్టలకు రంగులద్దేవాళ్లు ఉండేవారు. రంగునీళ్లు కిందికి పోవడానికి మా ముందుగదిలో గోడ వారన ఒక గొట్టం ఉండేది. వాళ్లు ఖాళీ చేస్తూ గొట్టం ఊడదీసుకుపోయారు, నేలలో పిడికిలి పట్టేంత కన్నం మిగిలింది. బొద్దింకలు వస్తాయని నేను గుడ్డలు కుక్కితే వాటిని ఎలుకలు లాక్కుపోయాయి. చివరకు మావాడు అడుగు పలక లేని పాత చెక్క అలమర ఒకటి తెచ్చి సరిగ్గా ఆ కన్నం మీద నిలబెట్టాడు. అలమర మీద చేపల తొట్టి పెట్టాడు. కన్నం కంటికి కనబడకపోయేసరికి మా అందరి మనసులోంచీ పోయింది. పాప పుట్టాక అదే గదిలో, తొట్టికి ఎదురుగా, నేలకు జానెడు ఎత్తున ఉయ్యాల వేశాం. చేపల్ని చూస్తూ ఆడుకుంటుందని మావాడి ముచ్చట.

ఆడుకోవడం మాట అటుంచండి, పాప ఏడుపుకు వీధి వీధంతా లేచేది. ఆ పిల్లకు పెద్ద చప్పుడుతో పేచీ లేదు, చిన్న చప్పుడే గిట్టదు. కింద లారీలోంచి బస్తాలు ధన్ ధన్‌మని పడుతున్నా నిద్రపోయేది. చేపలకు గాలి కొట్టే ఆ చిన్న పంపు మాత్రం కిటికీ గట్టు మీద కూర్చుని గుర్రుమంటూ ఉంటే కళ్లు తెరిచి రాగం ఎత్తుకునేది. పంపు ఆపితే చేపలు బతకవు, నడిపితే పిల్ల పడుకోదు. భార్యాభర్తలిద్దరికీ రోజూ ఇదే గొడవ. ఆఖరికి మావాడే ఉపాయం కనిపెట్టాడు. పంపును తువ్వాల్లో చుట్టి అలమరలో అడుగున పెట్టి తలుపు మూశాడు. సన్నటి గొట్టం ఒకటి అలమర సందులోంచి తొట్టిలోకి పాకించాడు. చెవి ఆనిస్తే తప్ప చప్పుడు వినిపించడం లేదు. ఇంజనీరుగారూ, ఈ పని మూడు నెలల కిందట చేసి ఉంటే మేమంతా నిద్రకు మొహం వాచిపోయేవాళ్లం కాదు కదా అన్నాను. వాడు కాలరెగరేశాడు.

ఆ వారంలోనే మా వీధిలో రోడ్డు తవ్వకం మొదలైంది. ఏవో గొట్టాలు మారుస్తున్నారట. ఇంటి ముందు నడుము లోతు గుంత, గుంతనిండా బురద, గాలినిండా ఎర్రదుమ్ము. కిటికీలన్నీ బిగించి, సందుల్లో తడిగుడ్డలు పెట్టుకున్నాం. లారీలు సందు చివరే ఆగిపోతాయని తెలిసి కింది షావుకారు ముందుగానే సరుకంతా దించుకున్నాడు. గోదాము పైకప్పు దాకా బస్తాలే.

షావుకారు మాటకారి. కాస్త డబ్బు మనిషే కానీ చెడ్డవాడు కాదు. వాళ్ల నాన్న, అంటే పెద్దాయన, గోదాము లోపల చెక్క కుర్చీలో కూర్చుని వచ్చేపోయే బస్తాల్ని చూస్తుండేవాడు. ఆయన నన్ను అక్కయ్యగారూ అంటాడు కాబట్టి షావుకారు నన్ను అత్తయ్యను చేశాడు, మావాణ్ని బావను చేశాడు. పొద్దున్నే నేను మెట్లు దిగితే పెద్దాయన నా కోసమే కాచుకున్నట్టు అడిగేవాడు.

"అక్కయ్యగారూ, మీ చేపలు బాగున్నాయా? మూకుట్లో దిగే వయసొచ్చిందా?"

"ముందు మీకు పళ్లు రానివ్వండి పెద్దాయనా, ఆ తర్వాత చూద్దాం."

రోజూ అవే మాటలు, రోజూ అదే నవ్వు. అలా ఒకరినొకరం అనుకోకపోతే ఆ పూట కాఫీ తాగనట్టే ఉండేది.

పంపును అలమరలో పెట్టిన దగ్గర్నుంచీ పాప ఏడుపు మానేసింది. మొదటి రెండు రోజులు మేం నమ్మలేదు. పాలు తాగడం, పడుకోవడం. తడిస్తే కాస్త మూలగడం, మళ్లీ పడుకోవడం. పక్క వాటాలోవాళ్లు కూడా పాప ఊరెళ్లిందా అని అడిగారు. బంగారుతల్లికి బుద్ధొచ్చింది, మా వంశంలో ఇంత నెమ్మదైన పిల్ల పుట్టలేదు అని నేను అందరికీ చెప్పుకున్నాను. కోడలు మాత్రం ఉయ్యాల మీదికి వంగి, పాప అరికాలు గీరి చూసేది. పాప కాలు వెనక్కి తీసుకునేది, కళ్లు తెరిచేది కాదు. నిద్రపోతున్న పిల్లను లేపుతావేమే అని నేనే కసురుకున్నాను.

చేపల సంగతి ముందుగా పోలీసు దగ్గర పట్టుబడింది. అది గస్తీ మానేసింది. ఒక మూలకు పోయి తల అద్దానికి ఆనించి నిలబడిపోయింది. మూతి దగ్గరికి మేత వచ్చినా ముట్టలేదు. పోలీసు సెలవు పెట్టాడురోయ్ అని నేను నవ్వాను, మావాడు నవ్వలేదు. ఆ సాయంత్రం దీపాలు పెట్టేవేళకు చేపలన్నీ నీటి పైకంటా వచ్చేశాయి. నోళ్లు తెరుచుకుని, నీళ్లకూ గాలికీ మధ్య మూతులు పెట్టి ఎగబీలుస్తున్నాయి. అంతలోనే ఎవరో కొరడా పెట్టి కొట్టినట్టు ఒక్కసారిగా చెదిరిపోయి అద్దాలకు గుద్దుకుంటున్నాయి. ఆ గుద్దుడు చప్పుడు నాకు వంటగదిలోకి వినిపించింది. పెళ్లికూతురు ఉన్నచోటనే గిర్రున తిరుగుతోంది, తోక మెడకు చుట్టుకున్నట్టు. దాని తెలుపు పాలిపోయి బూడిద రంగుకు దిగింది. అడుగున సన్యాసి మాత్రం కదల్లేదు.

మావాడు అన్నం ముందు నుంచి లేచిపోయాడు. నీళ్లలో క్లోరిన్ ఎక్కువైందేమో అన్నాడు. రోడ్డు తవ్వుతున్నారు కదా, కొళాయి నీళ్లలో ఏం కలిసిందో ఎవరికి తెలుసు అని, నిలవబెట్టిన నీళ్లు పోసి సగం మార్చాడు. కాసేపు తెరిపి పడినట్టే పడి మళ్లీ మొదలు. చలికేమో అని వేడి పెట్టే కడ్డీ చూశాడు, అది సరిగానే ఉంది. తొట్టిలోకి కరెంటు లీకవుతోందేమో అని తన పని సంచీలోంచి టెస్టరు తీసి నీళ్లకు, ఇనుప చట్రానికి, గోడకు, చివరకు నా చేతి గాజుకు కూడా పెట్టి చూశాడు. ఏమీ లేదు. దోమల మందు కారణమేమో అని అది ఆపేశాం. నేను ఇల్లు తుడిచే నీళ్లలో వేసే ఫినాయిలు ఆపేశాం. అతిగా మేత వేసి ఉంటానని నా మీద కూడా అనుమానం వచ్చింది. నేను ఎప్పుడూ ఎవరికీ అతిగానే వడ్డిస్తాను కాబట్టి కాదని అనలేకపోయాను.

మర్నాడు చేపల షాపతని దగ్గరికి సీసాలో నీళ్లు పట్టుకెళ్లాడు, తోడికోడళ్లను కూడా కవర్లో వేసి తీసుకెళ్లాడు. అతను నీళ్లలో మందు చుక్కలు వేసి రంగు చూసి, నీళ్లకేం దోషం లేదు అన్నాడు. తోడికోడళ్లను పెద్ద గాజుతొట్టిలో వదిలితే అవి చక్కగా ఈదుకుంటూ మేత కూడా తిన్నాయట. మావాడు నిజంగానే చూశాను అని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. వాటికి ఊపిరి చాలడం లేదు, పంపు ఇంకాస్త జోరుగా పెట్టండి, ఇంకో గొట్టం కూడా వేయండి అని అతను పంపించాడు. తెలిసినవాడు ఎవడైనా అదే చెబుతాడు, పైకొచ్చి నోళ్లు తెరుస్తున్న చేపలకు గాలి కాక ఇంకేం కావాలి? మావాడు రెండో గొట్టం వేసి, పంపు మీటను చివరికంటా తిప్పాడు. నీళ్లు కుతకుత ఉడికినట్టు బుడగలు లేచాయి.

తెల్లారేసరికి పెళ్లికూతురు వెల్లకిలా తేలుతోంది.

మావాడు దాన్ని పూలకుండీలో పాతాడు. మళ్లీ వెళ్లి మీట నిజంగా చివరిదాకా తిరిగిందో లేదో చూసుకున్నాడు.

అటు పాప కూడా పాలు సరిగా తాగడం లేదు. తాగినదాంట్లో సగం కక్కేస్తోంది. ఒళ్లు వెచ్చబడలేదు, దగ్గు లేదు, జలుబు లేదు. కోడలికి దిగులు పట్టుకుని పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామంది. నేనూ వెంట వెళ్లాను. సందు దాటి, దుమ్ము దాటి, ఆటోలో గాలి తగులుతుంటే పాప కళ్లు విప్పింది. డాక్టరు బల్ల మీద పడుకోబెట్టేసరికి గుక్కపట్టి ఏడ్చి, ఆయన కళ్లజోడు లాగేసి, మమ్మల్ని అబద్ధాలకోరుల్ని చేసింది. ఇంత హుషారైన పిల్లను పట్టుకుని నీరసం అంటారేమిటమ్మా అన్నాడాయన. పాలు పట్టాక భుజాన వేసుకుని త్రేన్పు రానివ్వండి, అయినా తగ్గకపోతే మళ్లీ తీసుకురండి అన్నాడు. ఇంటికొచ్చి ఉయ్యాలలో వేశాం. ఆ పూట గడవకముందే పాప మళ్లీ నెమ్మదైన పిల్లయిపోయింది.

నాకూ తల దిమ్ముగా ఉంటోంది. దుమ్ము వల్ల అనుకున్నాను. కింద పెద్దాయన కూడా అలాగే ఉన్నాడు. రెండు రోజులుగా చేపల గురించి అడగడం లేదు. నేనే వెళ్లి, ఏం పెద్దాయనా, పళ్లొచ్చాయా అంటే తలెత్తి చూసి, ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసి, మళ్లీ గడ్డం గుండెకు ఆనించుకున్నాడు. వయసు మీద పడింది పాపం అనుకుంటూ మెట్లెక్కాను. ఎక్కేటప్పుడు మధ్యలో రెండుసార్లు ఆగాల్సి వచ్చింది.

ఆ తర్వాత కరెంటు పోయింది. రోడ్డు తవ్వేవాళ్లు గునపంతో నేలలోని తీగను తెంపేశారు. మధ్యాహ్నం భోజనాలవేళ. ఆ రోజు మావాడికి సెలవు, ఇంట్లోనే ఉన్నాడు. పంపు ఆగిపోగానే వాడి గుండె ఆగినంత పనైంది. గాలి ఉండగానే చచ్చేలా ఉన్నాయి, గాలి లేకపోతే ఇంకేమైనా ఉందా అని, గరిటె తీసుకుని తొట్టిలో నీళ్లు కలియబెట్టడం మొదలుపెట్టాడు. చెయ్యి నొప్పెడితే నేను కలిపాను. నా చెయ్యి నొప్పెడితే మళ్లీ వాడు. ఇంట్లో వంట మానేసి చేపలకు పులుసు కలుపుతున్నట్టుంది అన్నాను, వాడు వినిపించుకోలేదు. ఉక్కపోత భరించలేక కోడలు పాపను ఎత్తుకుని వెనక వరండాలోకి వెళ్లి కూర్చుంది.

పొద్దు వాలుతుండగా నేను గరిటె పక్కన పెట్టి తొట్టిలోకి చూశాను. పోలీసు మూల వదిలి బయటికొచ్చాడు. ఒకసారి ఈ చివరికి, ఒకసారి ఆ చివరికి తిరిగాడు. తోడికోడళ్లు కిందికి దిగి రాళ్ల మధ్య ఏదో వెతుక్కుంటున్నాయి. నాలుగు మేత గింజలు వేస్తే ఒకదాన్నొకటి నెట్టుకుని తిన్నాయి. చూడరా నాన్నా, నీ గరిటె వైద్యం పనిచేసింది అన్నాను. మావాడు కళ్లు తుడుచుకున్నాడు. నేను చూడనట్టు ఊరుకున్నాను. వెనక వరండాలోంచి పాప ఏడుపు వినిపించింది, పాతరోజుల ఏడుపు.

రాత్రంతా కరెంటు రాలేదు. మేమంతా వరండాలోనే పడుకున్నాం. పొద్దున లేచి చూస్తే చేపలు కులాసాగా ఉన్నాయి. నా తల దిమ్ము కూడా తగ్గింది. పదింటికి కరెంటు వచ్చింది. మావాడు ఊపిరి పీల్చుకుని పనికి వెళ్లాడు. కోడలు పాపను ముందుగదిలో ఉయ్యాలలో వేసి బట్టలు మడతపెడుతోంది. నేను గుమ్మం దగ్గర కూరగాయలు తరుగుతూ, నా అలవాటు కొద్దీ, అడిగినా అడగకపోయినా అన్నీ చెప్పుకుపోతున్నాను. నాకు ఏదీ మరుపు రాదు, ఏ పూట ఎవరు ఏం తిన్నారో అన్నీ గుర్తే. పోలీసు మూలకు చేరింది పంపు లోపల పెట్టిన నాలుగో పూటనే అన్నాను. తోడికోడళ్లు షాపులో బాగుండి ఇంటికి రాగానే మొదలుపెట్టాయి అన్నాను. రెండో గొట్టం వేసిన రాత్రే పెళ్లికూతురు పోయింది, నిన్న కరెంటు పోయాక ఒక్క చేపా పైకి రాలేదు అన్నాను.

మడతపెడుతున్న చెయ్యి ఆగిపోయింది. కోడలు తొట్టివైపు చూసింది. నేనూ చూశాను. తోడికోడళ్లు అప్పటికే పైకి వచ్చేశాయి. నోళ్లు తెరుస్తున్నాయి.

"అత్తయ్యా, పంపు ఆగితే బాగుంటున్నాయి, తిరిగితే చస్తున్నాయి. నీళ్లు కాదు, గాలి. ఆ పంపు గాలి ఎక్కడ్నుంచి లాగుతోంది?"

అలమరలోంచే కదే అన్నాను. ఆమె వెళ్లి అలమర తలుపు తీసింది. కుళ్లిన వెల్లుల్లి లాంటి వాసన గుప్పున కొట్టింది. అంతకుముందు కూడా ఆ వాసన సన్నగా తగిలింది నాకు, చేపల మేత వాసనే అనుకున్నాను. తువ్వాల్లో చుట్టిన పంపు కన్నం నోటి దగ్గరే కూర్చుని ఉంది. కన్నంలోంచి కింద గోదాము చీకటి, ఒక బస్తా మూతి కనిపించాయి.

కోడలు ఉయ్యాల దగ్గరికి దూకింది. పాపను ఉయ్యాలలోంచి తీసి గుండెకు అదుముకుంది. పాప తల ఆమె మోచేతి మీదుగా వెనక్కి వాలిపోయింది. చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగింది. నేను పంపు తీగ లాగేసి, కత్తిపీట అక్కడే వదిలేసి వెనక పరుగెత్తాను.

ఆసుపత్రిలో పాపకు గాలి గొట్టం పెట్టారు. సాయంత్రం దాకా ఆ మూతి మీద చిన్న ముసుగు, ఆ ముసుగులో మంచు పట్టడం, విడిపోవడం. మేమిద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం. చీకటి పడుతుండగా పాప ఏడ్చింది. వార్డులో ఉన్నవాళ్లంతా విసుక్కున్నారు. కోడలు మాత్రం ఏడవనీ, ఏడవనీ అంటూ తానూ ఏడ్చింది. ఇంకొన్నాళ్లు ఆ గాలే పీల్చి ఉంటే అని డాక్టరు మాట మధ్యలో ఆపేశాడు. తిన్నగా మా అమ్మాయి ఇంటికి వెళ్లిపోయాం. పోలీసును, తోడికోడళ్లను, సన్యాసిని బక్కెట్లో వేసుకుని మావాడు కూడా వచ్చేశాడు.

గోదాములో బస్తాలకు పురుగు పట్టకుండా మందు బిళ్లలు పెడతారట. ఆ బిళ్లలు తేమ తగిలితే గాలిగా మారతాయి. ఆ గాలికి పురుగని, చేపని, మనిషని తేడా లేదు. గుంతలోంచి ఊరిన నీళ్లు గోదాము గోడ కిందుగా లోపలికి చెమర్చాయి. మావాడు వెళ్లి నిలదీస్తే షావుకారు ముందు ఒప్పుకోలేదు, చివరకు గోదాము తెరుద్దాం పద అన్నాడు. తలుపులన్నీ బార్లా తీయించి, కూలీల చేత బిళ్లల పొట్లాలు ఏరించి దూరంగా పారేయించానన్నాడు. పరీక్ష చేసే మనుషులు ఎప్పుడొస్తారని మావాడు ఆఫీసుల చుట్టూ తిరిగితే, వస్తాం వస్తాం అన్నారు. ఇంకో వారానికి షావుకారే మా అమ్మాయి ఇంటికి వచ్చాడు. పళ్లు తెచ్చాడు, పాప చేతిలో బొమ్మ పెట్టాడు. ఇల్లు శుభ్రంగా ఉంది అత్తయ్యగారూ, మీరు రాకపోతే నాలుగు వీధుల్లో నా పరువు పోతుంది అన్నాడు.

మావాడు మెత్తబడ్డాడు. అద్దెకు ఇంకో ఇల్లు అంత తొందరగా దొరకదు, అమ్మాయి ఇంట్లో ఎన్నాళ్లుంటాం అన్నాడు. కోడలు ఒక్కటే అడిగింది, గాలి బాగుందని ఎలా తెలుస్తుంది అని.

"ఎలా తెలియడమేంటి చెల్లెమ్మా? మా నాన్న పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ బస్తాల మధ్యనే కూర్చుంటున్నాడు. ఆయనకేమైంది? శుభ్రంగా నిద్రపోతున్నాడు."

నిద్రపోతున్నాడు అన్న మాటకు నేను పాపను దగ్గరికి లాక్కున్నాను. కోడలు నావైపు చూసింది.

పాపను మా అమ్మాయి దగ్గర వదిలి ముగ్గురం వెళ్లాం. కోడలు చిన్న గాజుసీసాలో సన్యాసిని వేసుకొచ్చింది. మావాడికి ఆ పని ఇష్టం లేదు, దారిపొడుగునా తల తిప్పుకుని కూర్చున్నాడు. నాకు మాత్రం ఇష్టమా? కానీ పాప అడుగు పెట్టాల్సిన గదిలో ముందు ఎవరో ఒకరు ఊపిరి తీయాలి కదా. గోదాము తలుపు ఓరగా వేసి ఉంది. ఆ సందులోంచి పెద్దాయన కుర్చీ వీపు కనిపించింది. పెద్దాయనా అని పిలిచాను. పలకలేదు. పడుకున్నాడు, లేపకండి అన్నాడు షావుకారు.

పైన కిటికీలన్నీ తీసి నిలబడ్డాం. తొట్టిలో కొత్త నీళ్లు పోశాం. సన్యాసిని వదిలాం. పంపు అదే అలమరలో, అదే కన్నం దగ్గర. కోడలు మీట వేసింది. బుడగలు లేచాయి. సన్యాసి నెమ్మదిగా దిగి, రాయి పక్కన తన చోటు వెతుక్కుని పొట్ట ఆనించింది.

షావుకారు చాలాసేపు హాస్యాలాడాడు. మా బావగారు లిఫ్టు ఎక్కాలన్నా ముందు చేపను ఎక్కిస్తారేమో అన్నాడు. నా చేతి వంట గుర్తు చేశాడు. రోడ్డు పూర్తయ్యాక వీధికి వచ్చే కళ గురించి చెప్పాడు. సన్యాసి కదల్లేదు. మావాడి ముఖం విప్పారింది. నా గుండె బరువు కూడా కాస్త దిగింది. ఇంటికి కావలసిన సామాను గురించి మనసులో లెక్కలు వేసుకోవడం మొదలుపెట్టాను. ఒక్క కోడలే తొట్టి మీద నుంచి చూపు తిప్పలేదు.

అప్పుడు సన్యాసి లేచింది. ముందు పొట్ట నేల నుంచి విడిచింది. రాయి చుట్టూ ఒకసారి తిరిగింది, దారి తప్పినట్టు. తర్వాత అద్దం మూలకు పోయి, తల పైకెత్తి, గోడను పట్టుకుని ఎక్కే మనిషిలా అంగుళం అంగుళం పైకి పాకింది. ఎన్నడూ పైకి రానిది నీటి పైకంటా వచ్చి నోరు తెరిచింది.

షావుకారు నవ్వు ఇంకా ముఖం మీదే ఉంది, కళ్లలో లేదు. ఆయన చేపను చూశాడు. అలమరను చూశాడు. నేలను చూశాడు. ఆ నేల కింద సరిగ్గా ఏముందో మా అందరికంటే ఆయనకే బాగా తెలుసు.

"నాన్నా," అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. ఆ వెంటనే మెట్ల మీద దడదడా కాళ్ల చప్పుడు.

మావాడు వెనకే పరుగెత్తాడు. నేను గోడ పట్టుకుని దిగేసరికి ఇద్దరూ కలిసి కుర్చీతో సహా పెద్దాయనను వీధిలోకి మోసుకొచ్చారు. గుంత గట్టు మీద, మట్టికుప్పల పక్కన దించారు. పెదాలు నీలిరంగుకు తిరిగి ఉన్నాయి. షావుకారు ఖాళీ గోనెసంచితో విసురుతూ, నాన్నా నాన్నా అంటూ, కూలీల్ని తిడుతూ, తనను తాను తిట్టుకుంటూ ఉన్నాడు. గోడ వారన అట్టడుగు వరస బస్తాలు కదపలేదట. ఆ బస్తాల కింద పొట్లాలు అలాగే ఉండిపోయాయట. సరుకు తడిసిపోతుందని, తర్వాత చూద్దాంలే అని తానే అన్నాడట. గుంతలో పనివాళ్లు పారలు వదిలేసి చుట్టూ మూగారు. ఎవరో అంబులెన్సుకు ఫోన్ చేస్తున్నారు.

నేను పెద్దాయన పక్కన మట్టిలో కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. కాసేపటికి రెప్పలు కదిలాయి. కళ్లు నా ముఖం మీద నిలవడానికి చాలాసేపు పట్టింది. పెదాలు ఆడాయి, నేను చెవి దగ్గరగా పెట్టాను.

"అక్కయ్యగారూ, మీ చేపలు..."

"బాగున్నాయి పెద్దాయనా. అన్నీ బాగున్నాయి."

వెనక కోడలు వచ్చి నిలబడింది. ఈ ఇంట్లో నా బిడ్డ అడుగు పెట్టదు అని మావాడితో మెల్లగా అంటోంది. ఆమె చేతిలో గాజుసీసా ఉంది. సీసాలో సన్యాసి పక్కకు ఒరిగి తేలుతూ, ఒకసారి నోరు తెరిచి, చాలాసేపటికి మళ్లీ ఒకసారి తెరుస్తోంది. పెద్దాయన చూపు అటు తిరగబోతుండగా, కోడలు కొంగు తీసి సీసా మీద కప్పింది.